పికప్‌కి పికప్ తగ్గితే: డీజిల్ ఇంజన్‌ను గమనించడం, ట్యూన్ చేయడం

మా వైపు "పికప్" అంటే రెండు అర్థాలు. ఒకటి బండి, రెండోది ఆ బండి లాగే సత్తా. రెండోదాని గురించి బాధపడని మొదటిదాని ఓనరు నాకు ఇంతవరకు తగల్లేదు. లోడుతో ఘాట్ ఎక్కుతుంటే మూడో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దించాల్సి వస్తుంది. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చాక ఫోన్‌లో "చిప్ ట్యూనింగ్" అని వెతుకుతాం, అంటే ఇంజన్ కంప్యూటర్‌ని మార్చో, మోసగించో బలం పెంచడం.

నేనూ వెతికాను. నాది 2.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల బీఎస్4 (పొగ కాలుష్యం ప్రమాణం) కామన్ రైల్ బండి. కామన్ రైల్ అంటే హై ప్రెషర్ డీజిల్‌ని ఒకే గొట్టం (రైల్) నుంచి అన్ని నాజిల్స్‌కీ పంచే పద్ధతి. విశాఖ నుంచి అరకుకి సిమెంటు, బియ్యం, కిరాణా సరుకు వేస్తాను. ఒక ఎండాకాలం నుంచి, ఎస్.కోట మీదుగా బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యేసరికి బండి ఆయాసపడటం మొదలుపెట్టింది. ఒక చోట అడిగితే 18 వేలకి చిప్ పెడతామన్నారు. పెట్టించుకోబోయి ఆగాను. తెలివితో ఆగలేదు, ఆ నెల చేతిలో డబ్బుల్లేక ఆగాను. ఆ ఆగిన నెలలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. వరస మాత్రం మార్చకండి: ముందు చూడాలి, తర్వాత బాగుచేయాలి, ఆ తర్వాతే ట్యూనింగ్ మాట.

1. చూడటానికి ఏం కావాలి

డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లుని నమ్ముకోకండి. చాలా బండ్లలో అది 80 డిగ్రీల దగ్గర మధ్యకి వచ్చి, 100 దాటేదాకా అక్కడే కూర్చుంటుంది. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి ఈఎల్ఎమ్327 రకం బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో టార్క్ ప్రో గానీ కార్ స్కానర్ గానీ వేసుకుంటే ఇంజన్ కంప్యూటర్ చూసే అంకెలు మనకీ కనిపిస్తాయి. మరీ చవక అడాప్టర్లు అంకెల్ని లేటుగా చూపిస్తాయి, మధ్యలో తెగిపోతాయి. బూస్ట్ (టర్బో పంకా ఇంజన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) లాంటివి అరసెకనులో మారిపోతాయి కాబట్టి ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పని అయ్యాక దాన్ని పీకేయండి, లేకపోతే రెండు మూడు రోజులు నిలిపిన బండిలో బ్యాటరీ తినేస్తుంది.

పాత మెకానికల్ పంపు బండ్లకి ఈ సౌకర్యం లేదు. వాటికి ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ గొట్టానికి T జాయింట్ వేసి ఒక బూస్ట్ గేజ్, ఆయిల్ ప్రెషర్ గేజ్ బిగించుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఒక నోటుబుక్కు, పెన్ను కూడా. నవ్వకండి, మొత్తం పనిలో ఎక్కువ ఉపయోగపడింది నాకు అదే.

2. పొద్దున్నే, చల్లటి ఇంజన్ మీద

రాత్రంతా నిలిచిన బండిలో తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా అంకెలు చూడండి. కూలెంట్ (రేడియేటర్ నీళ్ల) టెంపరేచర్, ఇంటేక్ గాలి టెంపరేచర్, బయటి గాలి టెంపరేచర్, మూడూ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి 28, ఇంకొకటి 45 చూపిస్తే ఆ సెన్సర్ అబద్ధం చెబుతోంది. అబద్ధం చెప్పే సెన్సర్‌తో మిగతా పరీక్షలు చేసి లాభం లేదు.

తర్వాత మ్యాప్ సెన్సర్, ఇంటేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. విశాఖలో 100 కిలోపాస్కల్ చుట్టుపక్కల, 900 మీటర్ల ఎత్తున్న అరకులో 90 దగ్గర. సముద్రం ఒడ్డున నిలబడి 92 చూపిస్తే సెన్సర్ విప్పి మసి తుడవాలి. ఇంకో ముఖ్యమైన మాట: యాప్‌లో కనిపించే మ్యాప్ అంకెలో బయటి గాలి కూడా కలిసి ఉంటుంది. 200 చూపిస్తే టర్బో ఇస్తున్నది 200 కాదు, అందులోంచి 100 తీసేయాలి. అలా మిగిలిన 100 కిలోపాస్కలే మెకానిక్కులు "ఒక బార్ బూస్ట్" అనేది.

బ్యాటరీ 12.4 వోల్టులకి తగ్గకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. పికప్‌కీ బ్యాటరీకీ ఏం సంబంధం అనుకోవచ్చు గానీ, కామన్ రైల్ బండిలో డీజిల్ చిమ్మే నాజిల్ (ఇంజెక్టర్) తెరిచేది కరెంటే.

3. వేడెక్కాక, ఐడిల్ మీద

ఒక పది కిలోమీటర్లు తిప్పి వచ్చి నిలబెట్టండి. కూలెంట్ 85 నుంచి 95 మధ్య స్థిరపడాలి. ఎంత తిప్పినా 70 దాటకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తెరుచుకుని ఉండిపోయింది. దాన్ని తీసి పారేసి "చల్లగా ఉంటుంది" అని చెప్పే మెకానిక్కు మాట వినకండి. చల్లటి ఇంజన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ గోడలు తొందరగా అరుగుతాయి.

రైల్ ప్రెషర్ (రైల్ గొట్టంలో డీజిల్ ఒత్తిడి) ఐడిల్ మీద 250 నుంచి 350 బార్ మధ్య నిలకడగా ఉండాలి. ఇక్కడ అసలు అంకె కన్నా, కంప్యూటర్ అడిగిన ప్రెషర్‌కీ వచ్చిన ప్రెషర్‌కీ ఉన్న తేడా ముఖ్యం. యాప్‌లో రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

మీ బండికి యాప్ చూపించగలిగితే ఇంజెక్టర్ కరెక్షన్ కూడా చూడండి. నాలుగు సిలిండర్లూ సమానంగా కొట్టడానికి కంప్యూటర్ ఒక్కో నాజిల్‌కి ఎంత కలుపుతోంది, ఎంత తగ్గిస్తోంది అన్న లెక్క అది. మూడు సున్నాకి దగ్గరగా ఉండి ఒక్కటే దూరంగా ఉంటే ఆ సిలిండర్ మీద అనుమానం పెట్టుకోవాలి. నాజిల్ కావచ్చు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) తగ్గడం కావచ్చు.

4. లోడుతో, ఎత్తు మీద

ఖాళీ బండితో బజారులో తిప్పి చూస్తే ఏ జబ్బూ బయటపడదు. ఒక ఎత్తు ఎంచుకోండి, ఎప్పుడూ అదే ఎత్తు, అదే గేరు, వీలైనంతవరకు అదే లోడు. నాకు టైడా దగ్గర ఒక నిటారు ఎత్తు ఉంది. మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పది సెకన్లు ఉంచాలి. ఆ పది సెకన్లూ స్క్రీన్ చూసేది మీరు కాకూడదు. పక్కన క్లీనర్‌నో తమ్ముడినో కూర్చోబెట్టుకోండి, లేదా యాప్‌లో లాగ్ రికార్డు పెట్టి దిగాక చూసుకోండి. ఘాట్‌లో మలుపు చూడాల్సిన కళ్లు ఫోన్ మీద ఉంటే ఇంక ట్యూనింగ్‌తో పనిపడదు.

రాసుకోవాల్సినవి: అడిగిన రైల్ ప్రెషర్, వచ్చింది, అడిగిన బూస్ట్, వచ్చింది, కూలెంట్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) తర్వాత గాలి టెంపరేచర్. పొగ రంగు అద్దంలో చూసి అదీ రాయండి.

5. అంకెలు ఏం చెబుతున్నాయి

డీజిల్ ఇంజన్ బలం గాలీ డీజిలూ కలిసి వచ్చేది. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి, పొగ లేకుండా కాలాలంటే అంతకన్నా ఇంకా ఎక్కువ. కాబట్టి పికప్ తగ్గితే అడగాల్సిన మొదటి ప్రశ్న: తక్కువైంది గాలా, డీజిలా?

బూస్ట్ బాగానే ఉండి, రైల్ మాత్రం అడిగిన 1,400 బార్‌కి 1,100 దగ్గర ఆగిపోతుంటే డీజిల్ తక్కువైనట్టు. స్కానర్‌లో రైల్ ప్రెషర్ తక్కువని చెప్పే పి0087 కోడ్ కూడా పడొచ్చు. ముందు డీజిల్ ఫిల్టర్ మార్చండి, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు వదలండి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో ఎక్కడైనా గాలి పడుతోందేమో చూడండి. అప్పటికీ తేలకపోతే నాజిల్స్ రిటర్న్ పరీక్ష, అంటే ఒక్కో నాజిల్ ట్యాంకుకి వెనక్కి పంపే డీజిల్ ఎంతో చూడటం. ఒక్కో నాజిల్ రిటర్న్ గొట్టాన్ని ఒక్కో చిన్న సీసాలో పెట్టి, మూడు నిమిషాలు ఐడిల్ మీద తిప్పాలి. మూడు సీసాల్లో అడుగున ఉండి, నాలుగోది సగం నిండితే దొంగ దొరికినట్టే. హై ప్రెషర్ పంపు మార్చాలన్న మాట అన్నిటికన్నా చివర్న రావాలి. షెడ్డుల్లో తరచూ అదే మొదట వస్తుంది, ఖరీదు కూడా దానిదే ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత బండ్లలో ఇంజన్ తిరుగుతుండగానే ఒక్కో నాజిల్ నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ కొట్టడం లేదో కనిపెట్టేవాళ్లు. కామన్ రైల్ బండిలో ఆ పని చచ్చినా చేయకూడదు. వెయ్యి బార్ దాటిన ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. బయటికి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే ఆయింట్‌మెంట్ రాసుకుని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి కొట్టిందని చెప్పాలి. చాలావరకు ఆపరేషన్ చేయాల్సే వస్తుంది.

రైల్ సరిగ్గా ఉండి బూస్ట్ తక్కువైతే గాలి లోటు. ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణించి ఇంటేక్‌కి వెళ్లే గొట్టాలు, టర్బో యాక్చుయేటర్‌కి (బూస్ట్‌ని అదుపు చేసేది) వెళ్లే సన్న వాక్యూమ్ గొట్టం, తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), ఈ వరసలో చూడండి. పి0299 కోడ్ వస్తే "టర్బో పోయింది" అని అర్థం కాదు, "బూస్ట్ రాలేదు" అని మాత్రమే.

రెండూ సరిగ్గా ఉన్నాయి, అయినా బండి లాగడం లేదు. అప్పుడు ఇంజన్‌ని వదిలేసి క్లచ్ చూడండి. ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. పదిహేను కిలోమీటర్లు వెళ్లి నాలుగు చక్రాల బ్రేకుల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ఒకటి మరీ కాలుతుంటే బ్రేకు పట్టేస్తోంది. లోడు కూడా నిజాయితీగా లెక్కపెట్టండి. 1.3 టన్నుల బండికి రెండు టన్నులు వేసి పికప్ లేదనడం అన్యాయం. పైగా పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆ పైన అదనపు టన్నుకి 2,000.

పొగ సంగతి రెండు ముక్కల్లో: నలుపైతే డీజిల్‌కి సరిపడా గాలి లేదు. నీలమైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెలుపైతే కాలని డీజిల్ కావచ్చు, కూలెంట్ నీళ్లు కావచ్చు, తియ్యటి వాసన ఉంటే నీళ్లే.

6. నా బండిలో తేలింది

నా లాగ్‌లో రైల్ బాగుంది. బూస్ట్ దగ్గర మ్యాప్ 210 అడిగితే 165 వస్తోంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, 168 అయింది. గొట్టాలన్నీ పైనుంచి చూశాను, ఎక్కడా చిల్లు కనపడలేదు. ఎస్.కోటలో ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన స్కానర్ వైపు కూడా చూడలేదు. బానెట్ ఎత్తి, ఇంటర్‌కూలర్ గొట్టం కిందివైపు వేళ్లతో తడిమి, చెయ్యి నా ముందు పెట్టారు. వేళ్లకి నల్లటి జిడ్డు.

"పైన ఎండి ఉండి కింద జిడ్డుంటే ఏంటి బాబూ అర్థం?"

"ఆయిల్ లీకా మావయ్యా?"

"ఆయిల్ కాదు, గాలి లీకు. టర్బో గాలితో పాటు ఎప్పుడూ కాస్త ఆయిల్ ఆవిరి వస్తది. గాలి ఎక్కడ బయటికి పోతే జిడ్డు అక్కడ కూర్చుంటది."

క్లిప్పు వదులు చేసి గొట్టం వెనక్కి మడిచారు. క్లిప్పు అంచు కోసిన చోట, బొటనవేలి గోరంత పొడవున చీలిక. ఐడిల్ మీద బూస్ట్ ఉండదు కాబట్టి అది మూసుకునే ఉంటుంది, చప్పుడు చేయదు. ఎత్తు మీద టర్బో ఊదగానే పెదవుల్లా తెరుచుకుంటుంది. గొట్టం, రెండు కొత్త క్లిప్పులు కలిపి వెయ్యి లోపే అయింది. అదే ఎత్తు మీద మళ్లీ చూస్తే 207. చిప్ పెట్టించి ఉంటే ఆ చీలిక మీదే ఇంకాస్త డీజిల్ పోసేవాణ్ణి.

7. ల్యాప్‌టాప్ లేని ట్యూనింగ్

ట్యూనింగ్ అంటే కొత్త బలం ఎక్కించడం అని మాత్రమే అనుకుంటాం. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో పోయిన బలం తిరిగి రాబట్టడమే ముందు చేయాల్సింది. ఈజీఆర్ వాల్వ్, ఇంటేక్ మానిఫోల్డ్ విప్పి మసి గీకించండి. కొన్ని బండ్లలో దారి సగానికి సగం పూడిపోయి ఉంటుంది. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గర సందు సరిచేయడం) ఉన్న ఇంజన్ అయితే కంపెనీ చెప్పిన కొలతకి పెట్టించండి. నాజిల్ మార్చినా, క్యాలిబ్రేషన్ చేయించినా, దాని మీద ముద్రించిన కోడ్ స్కానర్‌తో కంప్యూటర్‌కి ఎక్కించాల్సిన బండ్లలో ఎక్కించారో లేదో దగ్గరుండి చూడండి. ఆ పని ఎగ్గొట్టే షెడ్డులు చాలా ఉన్నాయి. కొత్త నాజిల్ వేసినా టకటక చప్పుడు రావడానికి ఒక కారణం అదే. టైర్లలో గాలి లోడుకి తగ్గట్టు ఉంచండి.

పాత మెకానికల్ పంపు బండ్లకి పంపు మీద స్క్రూ తిప్పి డీజిల్ పెంచే అలవాటుంది. పికప్ వస్తుంది, నిజమే. వెనక నల్లటి తెర కూడా వస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర దొరికిపోతారు, అంతకంటే ముందు హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది.

8. బీఎస్6 బండి ఉన్నవాళ్లకి

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బండ్లలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. కొన్నిటికి యాడ్‌బ్లూ (పొగని శుద్ధి చేసే ద్రవం) కూడా పోయాలి. యాప్‌లో సూట్ లోడ్ (పేరుకున్న మసి), జల్లెడకి ముందూ వెనకా ఉన్న ప్రెషర్ తేడా చూసుకోవడం నేర్చుకోండి. మసి నిండాక కంప్యూటర్ దాన్ని 600 డిగ్రీల దగ్గర కాలుస్తుంది. దాన్నే రీజెన్ అంటారు. ఊళ్లో రెండేసి కిలోమీటర్ల ట్రిప్పులు కొట్టే బండికి ఇది పూర్తికాదు. లైటు వెలిగినప్పుడు హైవే ఎక్కి 15, 20 నిమిషాలు ఒకే వేగంతో పోనివ్వండి. మధ్యలో తాళం తీసేయకండి.

రీజెన్ పదే పదే సగంలో ఆగితే, అందుకోసం అదనంగా కొట్టిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ చాంబర్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే ఆయిల్ వెంటనే మార్చాలి. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండికి చెప్పిన రకమే పోయాలి, ఏదో ఒక డీజిల్ ఆయిల్ అంటే జల్లెడలో బూడిద నిండుతుంది, బూడిద ఏ రీజెన్‌తోనూ కాలదు.

9. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చడం) చేయించాలనే ఉంటే

పై పనులన్నీ అయ్యాక కూడా బలం కావాలంటే ముందు ఒక ఈజీటీ గేజ్ పెట్టించండి, టర్బోకి ముందు పొగ ఎంత వేడిగా ఉందో చూపించేది. చాలా బీఎస్4 బండ్లలో కంపెనీ సెన్సర్ ఉండదు. కె-టైప్ థర్మోకపుల్‌ని (వేడి కొలిచే తీగ) సిలిండర్ల నుంచి పొగ వచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో బిగించాలి. మానిఫోల్డ్ విప్పి కింద పెట్టి బెజ్జం వేయాలి. బండి మీదే వేస్తే ఇనుప రజను నేరుగా టర్బో రెక్కల్లోకి పోతుంది. టర్బో తర్వాత బిగించడం సులువే గానీ, లోడు మీద అక్కడ 100, 150 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఆ ధైర్యంతో తొక్కి ఇంజన్ పోగొట్టుకుంటాం.

ఎత్తు మీద అదే పనిగా 700 డిగ్రీల దాకా నేను ఒప్పుకుంటాను. 750 తాకితే కాలు తీసి, గేరు దించడమే. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం, 660కి లోపే కరగడం మొదలవుతుంది. కింది నుంచి ఆయిల్ చల్లబరుస్తూ, ప్రతి గాలి గుక్కా చల్లబరుస్తూ ఉండబట్టి నిలబడుతోంది అంతే.

చిప్ బాక్సుకీ రీమ్యాప్‌కీ తేడా తెలుసుకోండి. మార్కెట్లో దొరికే చాలా బాక్సులు రైల్ సెన్సర్ తీగ మధ్యలో కూర్చుని, ఉన్న ప్రెషర్ కన్నా తక్కువ ఉన్నట్టు కంప్యూటర్‌కి చెబుతాయి. కంప్యూటర్ మోసపోయి ప్రెషర్ పెంచుతుంది. మీ ఫోన్ కూడా ఆ కంప్యూటర్‌నే అడుగుతోంది కాబట్టి మీకూ అదే దొంగ అంకె కనిపిస్తుంది. పెట్టించుకున్న మానిటర్ ఆ రోజుతో గుడ్డిదైపోతుంది. అందుకే బాక్సు అసలు వద్దంటాను.

రీమ్యాప్‌లో డీజిల్ పరిమాణం, కొట్టే సమయం, బూస్ట్, టార్క్ హద్దులు అన్నీ కలిపి మార్చవచ్చు. లోడు బండికి 10, 15 శాతం పెంపు చాలు. ముందు కంపెనీ ఫైలు చదివించి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఫైలు ఎక్కించేటప్పుడు బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉండాలి. మధ్యలో వోల్టేజ్ పడితే కంప్యూటర్ ఇటుకై కూర్చుంటుంది. ఎత్తు ప్రాంతాలకి వెళ్లే బండైతే ఆ మాట ట్యూనర్‌కి చెప్పండి: పలచటి గాలిలో అంతే బూస్ట్ ఇవ్వాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి, కంపెనీ పెట్టిన హద్దు తీసేస్తే బేరింగులు పోతాయి.

డీపీఎఫ్ పీకేయడం, ఈజీఆర్ మూసేయడం "స్టేజ్ టూ" పేరుతో అమ్ముతారు. చేయించకండి. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పులకి ఓనరుకే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. వారంటీ ఉన్న బండి అయితే రీమ్యాప్ కూడా ఆలోచించాల్సిందే.

మా బావమరిది బండికి చేయించినప్పుడు పక్కనే ఉన్నాను. మొదటి వారం మురిసిపోయాడు. ఇరవై రోజులకి క్లచ్ జారడం మొదలైంది. పెంచిన టార్క్ ముందు పరీక్షించేది దాన్నే.

10. చేశాక

అదే ఎత్తు, అదే గేరు, అదే లోడు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తీయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్ మీద ఉంచండి, ఎర్రగా కాలిన టర్బో బేరింగులో ఆయిల్ మాడిపోకుండా ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకి గొట్టాలన్నీ మళ్లీ కింది నుంచి తడిమి చూడండి.

నా నోటుబుక్కులో చివరి పేజీ ఇలా ఉంది: "టైడా ఎత్తు, 1.2 టన్నులు, మూడో గేరు, 2,000. మ్యాప్ అడిగింది 210, వచ్చింది 206. రైల్ 1,400కి 1,390. నీళ్లు 94. పొగ లేదు. కుడి వెనక డ్రమ్ము కొంచెం వేడి, ఆదివారం చూడాలి."